ఎర్ర బెల్టులు

మా అక్క కుక్క వల్ల పోయింది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు అడిగేది ఒక్కటే. "అయ్యో, ఇంజక్షన్ చేయించుకోలేదా అండీ?" పరామర్శకి వచ్చినవాళ్లు అడిగారు. బస్సులో పక్కన కూర్చున్నావిడ అడిగింది. మా స్కూల్లో స్టాఫ్ రూమంతా విడివిడిగానూ కలిసికట్టుగానూ అడిగింది. ఆ అడగడంలో జాలి కొంచెమే ఉంటుంది. మేమైతే ఇంత తెలివితక్కువ పని చెయ్యం అనే ధీమా మిగతాదంతా. నాకు ఒళ్లు మండిపోతుంది. నందిగామలో తన వీధి కుక్కలన్నిటినీ బతిమాలి, బామాలి, తాళ్లు కట్టి లాక్కెళ్లి మరీ ఇంజక్షన్లు వేయించిన మనిషి ఆవిడ. ఆవిడకి తెలియదా? అన్నీ తెలుసు. అన్నీ తెలిసీ చేయించుకోలేదు. ఎందుకు చేయించుకోలేదో చెప్పాలంటే ముందు బెల్టుల సంగతి చెప్పాలి.

మా వైపు కుక్కకి ఆధార్ కార్డు మెడలో బెల్టే. బెల్టుంటే ఎవరిదో ఒకరిది, లేకపోతే ఊరిది. బెల్టున్న కుక్క మీదికొస్తే "ఎవరండీ, మీ కుక్కని కాస్త పట్టుకోండి" అంటారు. బెల్టు లేనిది మీదికొస్తే రాయి తీస్తారు. అది తోలుబెల్టే కానక్కర్లేదు. పాత స్కూలు టై, చీర అంచు, చెడిపోయిన ఛార్జర్ వైరు, మిర్చి బస్తాలు కుట్టే పురికొస, మెడలో ఏదో ఒకటి వేలాడితే చాలు, దానికో దిక్కుందని లెక్క. పేటలో అంతే, నందిగామలోనూ అంతే. పేట అంటే జగ్గయ్యపేట. నేను అక్కడ లెక్కల టీచర్‌ని.

అక్క టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైంది. బావగారు పోయాక నందిగామలో పత్తి గోడౌన్ల వెనక వీధిలో సొంతింట్లో ఒక్కతే ఉండేది. ఒక్కదానివే ఎలా ఉంటున్నావు అంటే మాత్రం కోప్పడేది. "ఒక్కదాన్నేంటే? ఇంట్లో కుక్క, పిల్లి. వాకిట్లో వీధి వీధంతా" అనేది. ఆవిడకి కుక్కలంటే ప్రాణం. నాకు మనుషులంటేనే అంతంతమాత్రం, ఇక కుక్కల సంగతి చెప్పేదేముంది. ఆవిడింటికి వెళ్లినప్పుడల్లా గేటు దగ్గరే నిలబడి "ముందు వాటిని లోపల కట్టెయ్" అని కేకేసేదాన్ని. అవి నన్ను చూసి తోకలూపేవి. నేను వాటిని చూసి చీర కుచ్చెళ్లు పైకి పట్టుకునేదాన్ని.

ఏడాదికోసారి ఇంటి కుక్కనీ పిల్లినీ టీకాలకని ఆటో మాట్లాడుకుని విజయవాడ తీసుకెళ్లేది. కుక్క బుద్ధిగానే ఎక్కేది. పిల్లితోనే తంటా. దాన్ని పట్టుకోవడానికి పేట నుంచి నన్ను పిలిపించేది. దానికి బెల్టు కడితే కాళ్లతో గీకి గీకి తీసిపారేసేది. బుట్టలో పెడితే మూత తోసుకుని బయటికొచ్చేది. చివరికి దిండు గలీబులో వేసి మూతి బిగించి నా ఒళ్లో పెట్టేది. దారిలో కంచికచర్ల దాటేదాకా అది అరిచేది, ఆ తరవాత నేను అరిచేదాన్ని. అక్క మాత్రం కుక్క తల నిమురుతూ బయటికి చూస్తూ హాయిగా కూర్చునేది.

ఒకసారి అక్కడి డాక్టరు, చిన్నవాడే, కుక్కకి సూది వేసి అన్నాడు. "చిప్ కూడా వేయించండి మేడమ్. బియ్యపుగింజంత ఉంటుంది. చర్మం కింద పెడతాం. ఎక్కడన్నా తప్పిపోతే మిషను పెట్టి చూస్తే నంబరు వస్తుంది. ఎవరిదో, ఏ టీకా ఎప్పుడు పడిందో అన్నీ తెలుస్తాయి."

"బాగానే ఉంది బాబూ," అంది అక్క. "మరి ఆ మిషను మా నందిగామలో ఎవరి దగ్గరుంది?"

 తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క తనలో తను అనుకుంటున్నట్టు అంది. "గుర్తంటే చదువురానివాడిక్కూడా అల్లంత దూరం నుంచి కనపడాలే. చర్మం కింద దాచిపెట్టింది గుర్తెలా అవుద్ది?" అప్పుడే ఆవిడ బుర్రలో ఎర్ర బెల్టు పుట్టిందని నా నమ్మకం.

అక్క ఎదురింట్లో ఒకమ్మాయి జాకెట్లు కుట్టేది. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తల్లి. భర్త సిమెంటు లారీ నడిపేవాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఆ అమ్మాయి మా అక్కని పెద్దక్కగారూ అనీ, నేను వెళ్తే నన్ను చిన్నక్కగారూ అనీ పిలిచేది. ఎప్పుడో షామియానాలవాళ్లకి కుట్టగా మిగిలిపోయిన ముదురెర్ర గుడ్డ ఒక పెద్ద చుట్ట ఆమె దగ్గర ఉండిపోయింది. దాన్ని మడత మీద మడత వేసి కుట్టి, చివర టిచ్ బటన్లు పెట్టి బెల్టులు చేసిచ్చేది. కుక్క ఏ కంచెలోనన్నా ఇరుక్కుంటే మెడ బిగుసుకోకుండా బటను ఊడిపోవాలని ఆ ఏర్పాటు. ఆ ఆలోచన ఆమెదే.

వానలు మొదలయ్యేటప్పుడు పశువుల ఆసుపత్రిలో కుక్కలకి ఉచితంగా టీకాలు వేసేవారు. ఆ రోజు అక్క అవతారం చూడాలి. భుజాన సంచి, సంచిలో ఉడకబెట్టిన గుడ్లు, నడుముకి చెంగు బిగించి, చేతిలో తాడు. దొరికిన ప్రతి కుక్కనీ తీసుకెళ్లి సూది వేయించి, సూది పడ్డాకే, అక్కడికక్కడే, తన చేత్తో ఎర్ర బెల్టు కట్టేది. బెల్టుకీ మెడకీ మధ్య వేలు దూర్చి చూసేది. వేలు దూరేంత వదులు ఉంటేనే బటను నొక్కేది. ముందు సూది, తరవాత బెల్టు. ఆ క్రమం ఎవరి కోసమూ మార్చేది కాదు. మున్సిపాలిటీవాళ్లతో మాట్లాడి, కుక్కల్ని పట్టుకునే బండి వచ్చినప్పుడు ఎర్ర బెల్టు వాటి జోలికి రాకుండా ఒప్పించింది. వీధిలో అందరికీ చెప్పింది. "ఎర్ర బెల్టుదైతే భయం లేదు. పన్ను గీరుకున్నా కంగారుపడకండి. బెల్టు లేనిదైతే మాత్రం ఆసుపత్రికి పరిగెత్తండి."

డాక్టర్లు అలా చెప్పరు. టీకా పడ్డదైనా పడనిదైనా, పన్ను తగిలితే సబ్బుతో కడుక్కుని ఆసుపత్రికి రమ్మనే చెప్తారు. ఆ సంగతి అక్కకీ తెలుసు. కానీ తన బెల్టు మీద ఆవిడకి గురి కుదిరిపోయింది. వీధిక్కూడా కుదిరింది. ఎర్ర బెల్టు కుక్కల పక్కనుంచి పిల్లలు ధైర్యంగా స్కూలుకి నడిచివెళ్లేవారు. అంతెందుకు, వాటి పక్కనుంచి నేను కూడా కుచ్చెళ్లు వదిలేసి నడిచేదాన్ని.

అక్క పోయే ముందటి వానాకాలం కొన్ని కుక్కలు దొరకలేదు. గోడౌను అరుగు కింద పుట్టిన అన్నదమ్ములు రెండుండేవి. రెండూ ఒకే గోధుమరంగు, ఒకే ఎత్తు, చెవులు కూడా ఒకేలా వాలి ఉండేవి. ఒకదానికి సూది పడింది. రెండోది తాడు చూడగానే గోడౌను షట్టరు కింద సందులో దూరి, అక్క గుడ్లన్నీ అయిపోయేదాకా బయటికి రాలేదు. అది రోజూ టైలరమ్మాయి గుమ్మం ముందే పడుకునేది. ఆమే అన్నం పెట్టేది. పెడుతూనే "మాది కాదండీ, ఊరిది" అనేది. బెల్టుని బట్టి తప్ప ఏది ఏదో అక్క కూడా చెప్పలేకపోయేది.

చలికాలంలో అక్క కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వంగకూడదు, దుమ్ములో తిరగకూడదు, చుక్కలు వేస్తూ ఉండాలి. నందిగామలో ఉంటే కుక్కల వెంట తిరక్కుండా ఉండదని బలవంతంగా పేట తీసుకొచ్చాను. కుక్కనీ పిల్లినీ కూడా వెంటబెట్టుకునే వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మా వసారాలో కూర్చుని మా వీధి కుక్కలకి కూడా లెక్కలు కట్టడం మొదలుపెట్టింది. "మీ పేటలో ఒక్కదానిక్కూడా గుర్తు లేదేమే" అని నన్నే తిట్టేది, ఏదో పేట కుక్కలన్నీ నేను కన్నట్టు. నన్ను తిట్టడానికి ఆవిడకి కారణం అక్కర్లేదు, నాకూ అంతే.  మేము కలిసున్న ఆఖరి రోజులు అవే.

కన్ను కుదుటపడ్డాక నందిగామ వెళ్లిపోయింది. దుమ్ముకి భయపడి గేటు దాటి వీధిలోకి మాత్రం ఇంకా వెళ్లేది కాదు. కొన్నాళ్లకి ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"ఒసేయ్, ఎర్ర బెల్టు కుక్క ఒకటి నోరు తెరుచుకుని చొంగ కారస్తా నిలబడిపోయిందే మా గేటు కాడ. మింగలేకపోతంది. చికెన్ కొట్టు ఎముక ఏదో ఇరుక్కున్నట్టుంది. నోట్లో చెయ్యి పెట్టి చూశా, చేతికేం తగల్లా."

"నోట్లో చెయ్యి పెట్టావా? బుద్ధుందా నీకు?" అని అరిచాను.

"ఎర్ర బెల్టుదేనే బాబూ. నా చేత్తో వేయించిందే. పాపం కళ్లల్లోకి చూస్తంది."

ఎర్ర బెల్టు అన్నాక ఇక మాట్లాడేదేముంది. మర్నాడు అది చచ్చిపోయిందని ఫోన్‌లోనే ఏడ్చింది. ఎముక తియ్యలేకపోయానని ఏడ్చింది. మనిషిని పిలిపించి ఊరి బయట పూడ్పించానంది. వేలికి పన్ను గీరుకుందని మాత్రం అప్పుడు నాకు చెప్పలేదు, చాలా రోజులకి ఆసుపత్రికి వెళ్తూ చెప్పింది. ఆ గీత ఆవిడ లెక్కలో చెప్పుకోవాల్సినంతది కాదు. సబ్బుతో కడిగిందట, పసుపు రాసిందట. అక్కడితో మర్చిపోయింది.

మే నెలలో, రోడ్డు మీద తారు కరిగే ఎండల్లో, మళ్లీ ఫోనొచ్చింది. గొంతు వేరేలా ఉంది. "ఓసారి రావే. వేలు చీమలు పాకినట్టుంటంది. కాఫీ దిగట్లా." ఎండదెబ్బ అనుకున్నాను. బస్సెక్కి వెళ్లాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఫ్యాన్ ఆపేసి ఉంది. అంత ఎండలో ఫ్యాన్ ఎందుకు ఆపేశావని వేస్తే, గాలి తగలగానే మెడ బిగబట్టుకుని "ఆపు, ఆపు" అంది. గ్లాసుతో మంచినీళ్లిచ్చాను. తీసుకుంది. నోటిదాకా తెచ్చింది. గొంతు దానంతటదే బిగుసుకుపోయి చెయ్యి గ్లాసుని తోసేసింది. నీళ్లు ఒళ్లంతా పడ్డాయి. ఆవిడ తన చేతికేసి కాసేపు చూసింది. తరవాత నా మొహంలోకి చూసింది.

నాకు అప్పటికీ ఏమీ అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైపోయింది.

"ఆటో పిలు," అంది. "కుక్కనీ పిల్లినీ పక్కింటివాళ్లకి అప్పచెప్పు. నా గ్లాసు ముట్టుకోకు." ఆ మూడు మాటలూ టెలిఫోను ఆఫీసులో లైను కలుపుతున్నప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది. వణుకు లేదు.

విజయవాడలో పెద్దాసుపత్రిలో ఆవిణ్ని విడిగా ఒక గదిలో పెట్టారు. గాలీ వెలుతురూ పడకుండా కిటికీలకి దుప్పట్లు కట్టారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి ఏ కుక్క, ఎప్పుడు అని అడిగాడు. టీకా పడ్డ కుక్కేనండీ, ఎర్ర బెల్టుది అన్నాను. ఆయనకి ఎర్ర బెల్టు ఏమిటో ఎలా తెలుస్తుంది? "రేబిస్ మొదలయ్యాక మా చేతుల్లో ఏమీ లేదమ్మా. బాధ తెలియకుండా చూస్తాం" అన్నాడు. నాకూ, ఆటో అతనికీ, పక్కింటావిడకీ అందరికీ ఇంజక్షన్లు రాశాడు. నా భుజానికి సూది గుచ్చుతుంటే గోడ వైపు తిరిగి ఏడ్చాను. అదే సూది. గీరుకున్న రోజునే ఆవిడ వేయించుకుని ఉంటే సరిపోయేది.

మర్నాడు పొద్దున బట్టల కోసం నందిగామ వెళ్లాను. తాళం తీస్తుంటే టైలరమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. బస్టాండు దగ్గర ఏదో పిచ్చికుక్క పెద్దక్కగారిని కరిచిందట గదా అని ఏడ్చింది. వీధిలో అలా అనుకుంటున్నారన్నమాట. నేను అవుననలేదు, కాదనలేదు.

ఆమే మాట్లాడుతోంది. "మన వీధివైతే ఎంత మంచివండీ. పెద్దక్కగారు మీ ఇంట్లో ఉన్నప్పుడు కుక్కల బండి వచ్చింది గదండీ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ తెచ్చి వదులుతామన్నారు గానీ, ఎవరు చూడొచ్చారండీ? బండి మన పక్కనే రైతుపేట వీధుల్లో ఉందని తెలియగానే ఉన్న ఎర్రగుడ్డంతా కుట్టేసి, బెల్టు లేనివాటన్నిటికీ కట్టేశా. పెద్దక్కగారొచ్చాక వాటిక్కూడా సూదులు వేయిస్తార్లే అనుకున్నా. ఒక్కదాన్ని కూడా పట్టుకుపోలేదండీ! ఆ తరవాత మా అమ్మకి బాగోక ఊరెళ్లిపోయా. ఆ మాట పెద్దక్కగారికి చెప్పనే లేదు. నేనొచ్చేసరికి మా గుమ్మం ముందు పడుకునేది కూడా ఎక్కడికి పోయిందో పోయింది, ఇప్పటిదాకా లేదు."

చివరి మాటలు చెప్పేటప్పుడు ఆ ఏడుపులోనే కాస్త గర్వం కూడా ఉంది. ఒక్కదాన్నీ పట్టుకుపోనివ్వలేదని. నేను చేతిలో తాళంకప్పతో అలాగే నిలబడ్డాను. గేటు దగ్గర గోధుమరంగు కుక్క ఒకటి ఎర్ర బెల్టుతో పడుకుని ఉంది. అది ఆ అన్నదమ్ముల్లో సూది పడ్డది. నోట్లో చెయ్యి పెట్టించుకుని చచ్చిపోయింది రెండోది.

ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. అబద్ధం ఎందుకు, అనిపించింది. కానీ లోపలికి వెళ్లిపోయాను. బట్టలు సంచిలో కుక్కుకుని బస్సెక్కాను. దారంతా ఆ కోపం పళ్ల మధ్యన పట్టుకునే ఉన్నాను.

ఆ జబ్బులో మనిషికి మధ్యమధ్యలో తెలివి వస్తుంది. అదే దానిలో ఘోరం. అలా తెలివొచ్చినప్పుడు అక్క నన్ను దగ్గరికి రావద్దని చేత్తోనే ఆపి, గొంతు బిగబట్టి అడిగింది. "దానికి వేయించాను గదే? నేనే వేయించా గదే?"

తను మతిమరుపుతో పొరపాటు చేసిందేమోనని ఆవిడ భయం. ఆ భయంతో పోనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది. నువ్వు వేయించింది బతికే ఉంది, చచ్చింది వేరేది, దానికి ఆ అమ్మాయి బెల్టు కట్టింది అని అంతా చెప్పేశాను. కోపంగానే చెప్పాను. ఆ ఎదురింటి మహాతల్లి అని కూడా అన్నాను.

అక్క అంతా వింది. తరవాత అంది. "దానికి చెప్పకే. పిల్లలు గలది. బతికినన్నాళ్లూ మోస్తది." మళ్లీ గొంతు పట్టేసింది. అది వదిలాక ఇంకో మాట. "మిగతా ఎర్రవాటికి వేయించు. ఏది ఏదో నీకు తెలీదు. అన్నిటికీ వేయించు."

సరే అన్నాను. రెండిటికీ సరే అన్నాను. ఆ తరవాత ఆవిడ నాతో తెలివిగా మాట్లాడింది లేదు. మర్నాడు తెల్లవారాక పోయింది. ఆ గదిలో చూసినవన్నీ నేను రాయను.

కర్మ జరిగిన రోజులన్నీ టైలరమ్మాయి అక్క ఇంటిని వదల్లేదు. వచ్చినవాళ్లకి కాఫీలు కలిపింది, గిన్నెలు తోమింది, నేను తినడం లేదని పళ్లెంలో అన్నం కలిపి తెచ్చింది.  ఆమె చెయ్యి చూస్తే టిచ్ బటన్లు నొక్కుతున్న చెయ్యే కనపడేది. చెప్పెయ్యాలని పదిసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే నా గుండె కాస్త తేలికపడుతుంది, ఆమెది బరువెక్కుతుంది. అక్కకి మాటిచ్చాను. మింగేశాను. అక్క కుక్కనీ పిల్లినీ తీసుకుని పేట వెళ్లిపోయాను.

వానలు మొదలయ్యాయి. పశువుల ఆసుపత్రిలో టీకాలు వేస్తున్నారని తెలిసి స్కూలుకి సెలవు పెట్టి నందిగామ వెళ్లాను. రెండోసారి పడితే ప్రమాదం లేదా అని అడిగితే, ఏమీ కాదు, తెలియనివాటన్నిటికీ వేసెయ్యడమే మంచిదన్నారు. కుక్కని చూస్తే వీధి మారే నేను, అక్క సంచి తగిలించుకుని, గుడ్లు పట్టుకుని, తాడు పట్టుకుని బయల్దేరాను. మొదటిదాన్ని పట్టుకునేటప్పుడు అలవాటుగా కుచ్చెళ్లు పైకి పట్టుకోబోయాను. టైలరమ్మాయి సాయం వచ్చింది. ఆమె పిలిస్తే అవి వచ్చేవి. ఆమె తల పట్టుకునేది, నేను తాడు వేసేదాన్ని. మధ్యాహ్నానికల్లా వీధిలో ఎర్ర బెల్టు ఉన్నవాటన్నిటికీ సూదులు పడ్డాయి. అక్క చెప్పిన రెండు పనులూ అయిపోయినట్టే. ఆమెకి ఏమీ చెప్పకుండానే అయిపోయినట్టే.

తిరిగొస్తుంటే గోడౌను అరుగు కింద కొత్త పిల్లలు కనపడ్డాయి. కళ్లు తెరిచి తప్పటడుగులు వేస్తున్నాయి. వాటినీ తీసుకెళ్లాం. ఇంత చిన్నవాటికి వెయ్యకూడదు, మూడు నెలలు నిండాక తీసుకురండి అని పంపించేశారు. సరేనని వాటిని అరుగు దగ్గర దింపాం. నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఆ అమ్మాయి నేల మీద కూర్చుని, ఒళ్లో ఉన్న పిల్ల మెడకి ఎర్ర బెల్టు కడుతోంది. రెండింటికి అప్పటికే కట్టేసింది. బుల్లి బుల్లి బెల్టులు. పొద్దున్నే కుట్టి చెంగున ముడేసి తెచ్చుకుందన్నమాట.

"వీటికి సూది పడలేదుగా," అన్నాను.

"పాపం చిన్నవి గదండీ. పడేదాకా బండి ఆగుద్దా? మూడు నెల్లకి ఎటూ వేయిస్తాం." ఇంకో బటను నొక్కింది. "పెద్దక్కగారుంటే ఆవిడే కట్టేవారు."

అన్నాళ్లూ బిగబట్టుకున్నది అక్కడ తెగిపోయింది.

"కట్టేది కాదు," అన్నాను. "చచ్చినా కట్టేది కాదు."

ఆమె తలెత్తి చూసింది. అప్పుడు చెప్పాను. బస్టాండు దగ్గర కుక్కేమీ కాదని, ఈ గేటు దగ్గరే, ఎర్ర బెల్టు చూసి, ఎముక అనుకుని నోట్లో చెయ్యి పెట్టిందని, బెల్టుంది గదా అని ఆసుపత్రికి పోలేదని చెప్పాను. ఇన్నాళ్లూ ఈ మాటలు చెప్పేటప్పుడు కేకలేస్తాననుకున్నాను. కేకలు రాలేదు. పిల్లలకి లెక్క చెప్పినట్టు ఒకదాని తరవాత ఒకటి చెప్పాను.

"గోధుమరంగుదా?" అంది.

"అవును."

"మా గుమ్మం ముందు పడుకునేదా?"

"అవును."

ఒళ్లో పిల్ల ఆమె వేలు చప్పరిస్తోంది. ఆమె వేలు తియ్యలేదు. గోడౌను లోపల ఎవరో పత్తి బేళ్లు దొర్లిస్తున్న చప్పుడు వినపడుతోంది. నేనేదో పాపం చేసినదాన్నల్లే నిలబడి ఉన్నాను.

"పెద్దక్కగారికి తెలుసా అండీ?" అంది చివరికి.

"తెలుసు. నీకు చెప్పొద్దంది."

అప్పుడు ఏడ్చింది. నోట్లో చెంగు కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడ్చింది. నా కోపం తీరాలి గదా, తీరలేదు. దాని చోట మరేదీ రాలేదు కూడా. వెళ్లి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాను. ఓదార్చడం నాకు చేతకాదు, ఆ రోజూ చేతకాలేదు.

చాలాసేపటికి ఆమే కళ్లు తుడుచుకుని, పిల్లల మెడల్లోంచి బెల్టులు ఒక్కోటీ విప్పింది. లేచి వీధిలోకి వెళ్లింది. పెద్దవాటివి కూడా, పొద్దున సూది పడ్డవాటివి కూడా, ఒక్కటి వదలకుండా విప్పింది. అవి ఆమె దగ్గరికి తోకలూపుతూ వచ్చి మెడలు అప్పగించాయి. ఎర్ర బెల్టులన్నీ తెచ్చి నా ఎదురుగా కుప్ప పోసింది.

"ఇంకో రంగుగుడ్డ కుడతానండీ," అంది. "కుట్టడం వరకే నాది. కట్టడం మాత్రం మీరు కట్టండి."

"నేను పేటలో ఉంటాను గదమ్మా."

"రండి. సూది పడ్డ రోజు రండి. నా చేత్తో మాత్రం కట్టను."

ఇంట్లోకెళ్లి, ఎవరి జాకెట్‌కో తెచ్చిన పసుప్పచ్చ లైనింగ్ గుడ్డ కత్తిరించి మిషను ముందు కూర్చుంది. చీకటి పడకముందే పట్టుకొచ్చి ఇచ్చింది. గేటు దగ్గర గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. దానికి సూది పడటం పొద్దున నా కళ్లతో చూశాను. దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. అది నా మొహంలోకి చూసింది. మెడ చుట్టూ బెల్టు తిప్పి, గుడ్డకీ మెడకీ మధ్య నా చూపుడువేలు దూర్చి, వదులు సరిపోయిందో లేదో చూసుకుని బటను నొక్కాను.